తక్కువ ఖర్చులో ఉప్పునీటి అక్వేరియం: నీళ్ళ నాణ్యత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పునీటి చేపలు పెంచాలని మనసులో ఉంది, చేతిలో డబ్బు మాత్రం అంతంతే అనేవాళ్ళ కోసం ఈ జవాబులు. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. నీళ్ళు పాడయ్యాక బాగుచేసే సామాను కొనడం కన్నా, ట్యాంకులోకి ఏం వెళ్తోందో చూసుకోవడం చవక. మొదట పోసే నీరు, రోజూ వేసే మేత, ఉన్న చేపల సంఖ్య, ఈ మూడూ అదుపులో ఉంటే మిగతా బిల్లులు చాలావరకు రావు.

ఉప్పునీటి ట్యాంకు డబ్బున్నవాళ్ళ సరదా అంటారు. తక్కువలో నిజంగా నడుస్తుందా?

నడుస్తుంది. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అక్వేరియం పత్రికలో తన పద్ధతి గురించి రాశాడు. ఆయన వాడింది సముద్రపు నీరు, సూక్ష్మజీవులతో నిండిన సముద్రపు రాళ్ళు, గాలి బుడగలు, వెలుతురు. ఇప్పుడు మనం లైవ్ రాక్ అని పిలిచే ఆ రాళ్ళే ఆయన ఫిల్టరు. ఈనాటి ట్యాంకులకు కూడా పునాది అదే, మిగతా పరికరాలన్నీ తర్వాత వచ్చి చేరినవి.

అయితే ఖర్చును నిర్ణయించేది ముందుగా మీరు ఎంచుకునే జీవులు. రెండు క్లౌన్ చేపలు, కొన్ని మష్రూమ్, లెదర్ జాతి మెత్తని పగడాలతో సరిపెట్టుకుంటే నీటి విషయంలో పెద్దగా ఇబ్బంది పడరు. గట్టి అస్థిపంజరం కట్టుకునే పగడాలు కావాలంటే కాల్షియం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బొనేట్, కార్బొనేట్ల కొలత) నిత్యం అందిస్తూ ఉండాలి. టాంగ్ లాంటి పెద్ద ఈతగాళ్ళను, జీవమున్న మేత తప్ప ముట్టని మాండరిన్ చేపలను ఈ బడ్జెట్‌లో తలపెట్టకండి.

చిన్న ట్యాంకు చవక కదా, 20 లీటర్లతో మొదలెట్టనా?

కొనేటప్పుడు చవకే. నిలబెట్టడం మాత్రం కష్టం. 20 లీటర్లలో ఒక చేప చచ్చి రాయి వెనక కుళ్ళితే తెల్లారేసరికి అమ్మోనియా మిగతావాటినీ తీసుకుపోతుంది. 100 లీటర్లలో అదే జరిగితే మీకు కాస్త వ్యవధి దొరుకుతుంది. మరోవైపు 300 లీటర్లకు పోతే ప్రతి నీటి మార్పుకూ ఉప్పు, లైట్లు, కరెంటు అన్నీ పెరుగుతాయి. నన్నడిగితే 80 నుంచి 120 లీటర్ల మధ్య ఆగమంటాను. కింద ఇచ్చిన లెక్కలన్నీ 100 లీటర్ల నీటికే వేశాను, మీ ట్యాంకుకు తగ్గట్టు హెచ్చించుకోండి. రాళ్ళు, ఇసుక కొంత చోటు ఆక్రమిస్తాయి కాబట్టి ట్యాంకు కొలత వేరు, అందులో పట్టే నీళ్ళ కొలత వేరు. మొదటిసారి నింపేటప్పుడే ఎన్ని బకెట్లు పట్టాయో రాసి పెట్టుకోండి.

కుళాయి నీళ్ళు వాడొచ్చా?

ఇక్కడ పొదుపు చేసినవాళ్ళే తర్వాత ఎక్కువ ఖర్చు పెడతారు. కుళాయి నీటిలో క్లోరిన్ ఒక్కటే ఉంటే ఒక రోజు గాలి కొట్టిస్తే పోతుంది. క్లోరమైన్ ఉంటే అలా పోదు, దానికి విరుగుడు మందు వేయాలి. అది విరిగినప్పుడు అమ్మోనియా మిగులుతుంది. పైగా నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా, గొట్టాల నుంచి వచ్చే రాగి ఉండొచ్చు. రాగి చేపలకన్నా రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ప్రమాదం. చాలా తక్కువ మోతాదే వాటి ప్రాణం తీస్తుంది.

కుళాయి నీటిలో నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) ఉందనుకోండి. మీరు ఎంత శ్రద్ధగా నీళ్ళు మార్చినా ట్యాంకులో నైట్రేట్ 20 కిందికి దిగడం కష్టం. నీటితో వచ్చినవాటిని తీయడానికి ఫాస్ఫేట్ రిమూవరు, నైట్రేట్ రిమూవరు అని కొంటూ పోతారు. అదే డబ్బు ఆర్‌ఓ ఫిల్టరు మీద మొదటే పెడితే తీరిపోయేది.

మా ఇంట్లో తాగే నీళ్ళ ఆర్‌ఓ ఉంది. అది సరిపోదా?

చాలావరకు పనికొస్తుంది, కానీ ఒకటి చూడాలి. ఇంట్లో వాడే యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. నీళ్ళ రుచి కోసం అది కొంత శుద్ధి కాని నీటిని మళ్ళీ కలుపుతుంది. కొన్నిట్లో చివర ఖనిజాలు కలిపే గొట్టం కూడా ఉంటుంది. మనకు కావలసిన నీళ్ళు ఈ రెండూ తగలకముందు, ఆర్‌ఓ పొర నుంచి నేరుగా వచ్చేవి. అక్కడ పైపుకు టీ ఆకారపు జాయింటు ఒకటి బిగించి పక్కకు తీసుకుంటే సరి.

చవకైన టీడీఎస్ మీటరు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆర్‌ఓ పొర సాధారణంగా కరిగిన లవణాల్లో నూటికి తొంభై పైనే ఆపుతుంది. లోపలికి 300 వెళ్తుంటే బయటికి 10 నుంచి 20 రావాలి. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకు అది చాలు. పగడాలు ఉంటే దాని తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టుకునే గుళికలు) గొట్టం ఒకటి తగిలించి సున్నాకు దించండి. రెసిన్ మీద భారం తగ్గాలంటే ముందున్న దుమ్ము ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు వేళకు మార్చాలి. చవకగా దొరికే ఆ రెండింటినీ నిర్లక్ష్యం చేస్తే ఖరీదైన పొర, రెసిన్ ముందే పోతాయి. వృథాగా పోయే నీటిని ఇల్లు తుడవడానికో గిన్నెలు తోమడానికో పట్టి ఉంచుకోవచ్చు.

వంట ఉప్పు కలిపితే ఏమవుతుంది? అదీ సముద్రం నుంచే కదా వచ్చేది?

సముద్రం నుంచే వచ్చింది, కానీ మిగతా సరుకంతా అక్కడే వదిలేసి వచ్చింది. కిలో సముద్రపు నీటిలో క్లోరైడ్ దాదాపు 19 గ్రాములు, సోడియం దాదాపు 11 గ్రాములు ఉంటాయి. వాటితో పాటు సల్ఫేట్ 2.7 గ్రాములు, మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం, పొటాషియం చెరో 0.4 గ్రాములు ఉంటాయి. వంట ఉప్పులో మొదటి రెండే ఉంటాయి. అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే మందు అదనం. అందులో ఏ సముద్రజీవీ నిలకడగా బతకదు. అక్వేరియం కోసం తయారుచేసిన ఉప్పే కొనాలి. అయితే ఖరీదైన రకమే కావాలని లేదు. మెత్తని పగడాలకు, చేపలకు మామూలు రకం సరిపోతుంది. పెద్ద బకెట్టుతో కొంటే కలిసొస్తుంది. మూత గట్టిగా పెట్టకపోతే తేమ తాగి రాయిలా గట్టిపడుతుంది, జాగ్రత్త.

సముద్రం దగ్గర్లోనే ఉంటే నీళ్ళు తెచ్చుకోవచ్చు కదా?

మంచి నీరు దొరికే చోటైతే ఇంతకన్నా చవక లేదు. రేవులు, ఏరులు కలిసే చోట్లు, మురుగు కాల్వల దగ్గర వద్దు. వర్షాలు పడిన రోజుల్లో, ఆ వెంటనే కూడా వద్దు. నేల మీది మురికీ ఎరువులూ అప్పుడే కొట్టుకొస్తాయి, ఉప్పదనమూ పడిపోతుంది. తెచ్చిన నీటిని సన్నటి గుడ్డలో వడకట్టి, మూతపెట్టిన డబ్బాలో చీకట్లో కొన్ని రోజులుంచి, అడుగున పేరుకున్నది కదలకుండా పైనీరు తీసుకోండి. వాడేముందు ఉప్పదనం, అమ్మోనియా, నైట్రేట్ చూడండి. తీరంలో నీళ్ళు తీసుకోవడానికి మీ దగ్గర నిబంధనలేమైనా ఉంటే తెలుసుకోండి.

ఉప్పు ఎలా కలపాలి?

ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. ఉప్పు పోసి దాని మీద నీళ్ళు పోస్తే, చిక్కటి ద్రావణంలో కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లటి తెట్టుగా అడుగున పడిపోతాయి. ఆ కాల్షియానికి మీరు డబ్బు కట్టారని గుర్తుంచుకోండి. లీటరుకు దాదాపు 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ. బకెట్టులో చిన్న పంపు వేసి తిప్పండి, ట్యాంకు నీటి వేడికి దగ్గరగా తెచ్చి, అప్పుడు కొలిచి పోయండి. బకెట్టు కొత్తది కావాలి, సబ్బు తగలనిది, ఇంకే పనికీ వాడనిది. గుర్తుకోసం దానిమీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి, లేదంటే ఇంట్లో ఎవరో ఒకరు అందులో బట్టలు నానబెడతారు.

ఉప్పదనం ఎంత ఉండాలి? రిఫ్రాక్టోమీటరు తప్పనిసరా?

పగడాలుంటే 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35), అంటే సాపేక్ష సాంద్రత 1.026. చేపలు మాత్రమే ఉంటే 1.022 నుంచి 1.025 మధ్య ఏదో ఒకచోట స్థిరంగా ఉంచినా ఫర్వాలేదు. కొంచెం తక్కువగా ఉంచితే ఉప్పు కూడా కాస్త మిగులుతుంది. ఏది ఎంచుకున్నా అక్కడే ఉండాలి. రోజుకో అంకె చూపించే ట్యాంకులో చేపలు నలిగిపోతాయి.

ముల్లు తిరిగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు అన్నిటికన్నా చవక. కానీ ముల్లుకు ఒక్క బుడగ అంటుకున్నా అంకె పైకి పోతుంది, ఉప్పు తెట్టు కట్టినా తప్పు చూపిస్తుంది. వీలైతే రిఫ్రాక్టోమీటరు (నీటిలో కాంతి వంగే తీరును బట్టి ఉప్పదనం చూపేది) కొనండి. అద్దం మీద రెండు చుక్కలు వేసి, బుడగ లేకుండా రేకు మూసి, అర నిమిషం ఆగి, వెలుతురు వైపు తిప్పి చూడండి. పైన నీలం, కింద తెలుపు, మధ్య గీత ఎక్కడుంటే అదే మీ ఉప్పదనం. గీత మసగ్గా ఉంటే అద్దం మీద పాత ఉప్పు మరక ఉన్నట్టు.

చవక రిఫ్రాక్టోమీటర్లను చాలామంది మంచినీటితో సున్నాకు సరిచేసి వదిలేస్తారు. అది సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర తప్పొచ్చు, ఎందుకంటే చాలావాటి స్కేలు సముద్రపు నీటికి కాక ఉప్పుద్రావణానికి గీసింది. 35 పీపీటీకి సరిచేసే ద్రావణం కొనొచ్చు, ఇంట్లో కూడా చేసుకోవచ్చు. 36.5 గ్రాముల వంట ఉప్పును 963.5 గ్రాముల ఆర్‌ఓ నీటిలో కరిగిస్తే రిఫ్రాక్టోమీటరులో అది 35 పీపీటీ సముద్రపు నీటిలానే కనిపిస్తుంది. తూకానికి గ్రాములోపు తేడా చూపగలిగే త్రాసు కావాలి. ఈ ద్రావణం కొలతకు మాత్రమే, ట్యాంకులో పోయకూడదు. వంట ఉప్పుకు ఈ అలవాటులో ఉన్న ఒకే ఒక్క పాత్ర ఇది.

ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్ళు పోయాలా?

వద్దు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. కాబట్టి శుద్ధి చేసిన మంచినీరే పోయాలి. అద్దం మీద టేపుతో గీత పెట్టి రోజూ ఆ గీతకు తెస్తే చాలు, ఆటోమేటిక్ యంత్రం లేకపోయినా గడుస్తుంది. ఒకేసారి వారానికి సరిపడా పోయడం కన్నా రోజుకు కొంచెం మేలు.

కొత్త ట్యాంకులో ఎప్పుడు చేపలు వేయొచ్చు?

అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ళమీద స్థిరపడాలి. దీన్నే సైకిల్ అంటారు. పొడి రాళ్ళతో మొదలెడితే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, మంచి లైవ్ రాక్ అయితే అంతకన్నా త్వరగా. లైవ్ రాక్ ఖరీదైతే చాలావరకు పొడి రాళ్ళు తీసుకుని, నడుస్తున్న ట్యాంకు నుంచి ఒక్క రాయి విత్తనంగా వేసుకోండి. బ్యాక్టీరియా అక్కణ్ణుంచి పాకుతుంది.

పరీక్ష కోసం అమ్మోనియం క్లోరైడుతో నీటిలో 2 పీపీఎం అమ్మోనియా వచ్చేలా కలపండి. ఒక రోజులో అది సున్నాకు దిగిపోతే ట్యాంకు సిద్ధం. చిటికెడు మేత కుళ్ళబెట్టినా పని జరుగుతుంది, కాకపోతే మోతాదు తెలియదు, ఫాస్ఫేట్ కూడా చేరుతుంది. చేపను వేసి సైకిల్ చేయించే పాత పద్ధతి వద్దు. ఉప్పునీటి పీహెచ్ ఎక్కువ కాబట్టి అమ్మోనియా ఇక్కడ మరింత కాటేస్తుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు, 8.2 దగ్గర అది ఏడెనిమిది శాతానికి చేరుతుంది.

నైట్రైట్ గురించి మంచినీటి ట్యాంకుల్లో ఉన్నంత భయం ఇక్కడ అక్కర్లేదు. నీటిలోని క్లోరైడ్ దాన్ని చేప మొప్పల్లోకి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. అందుకే నైట్రైట్ కొలిచే టెస్ట్ కిట్టు కొనకుండా ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ కిట్టు మాత్రం ఎక్కువ చేసి చూపిస్తుంది, ఆ అంకె చూసి కంగారుపడకండి.

ఏ టెస్ట్ కిట్లు కొనాలి? అన్నీ కలిపిన పెట్టె తీసుకోనా?

పెట్టెలో సగం మీరు తెరవరు, రసాయనాలకు గడువు తేదీ ఉంటుంది. విడివిడిగా కొనండి. మొదటి నెలల్లో అమ్మోనియా. తర్వాత నైట్రేట్. పగడాలు వచ్చాక ఆల్కలినిటీ, ఫాస్ఫేట్. కాల్షియం, మెగ్నీషియం కిట్లు గట్టి పగడాలు పెంచే రోజు వచ్చాక చూద్దాం. దగ్గర్లో ఇదే సరదా ఉన్నవాళ్ళుంటే అరుదుగా వాడే కిట్లు కలిసి కొనుక్కుని పంచుకోండి, గడువులోపే ఖర్చయిపోతాయి.

బాగా నడుస్తున్న ట్యాంకులో అమ్మోనియా 0.25 చూపిస్తోందని చాలామంది హడావుడి పడుతుంటారు. ముందు తాజాగా కలిపిన ఉప్పునీటిని అదే కిట్టుతో చూడండి. రెండు గొట్టాలూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి పగటి వెలుగులో చూస్తే ఒకే పచ్చదనం కనిపిస్తుందా? అయితే అది చాలావరకు మీ కిట్టు రంగే, చేపల తప్పు కాదు. అలాగే నైట్రేట్ కిట్టులో అడుగున పొడి పేరుకునే సీసా ఉంటే కాగితంలో చెప్పినంతసేపూ గట్టిగా కుదపండి. బద్ధకిస్తే నైట్రేట్ తక్కువ చూపిస్తుంది, అదే నిజమనుకుని మురిసిపోతాం.

వారానికి ఎంత నీరు మార్చాలి? ఉప్పు ఖర్చు భరించలేకపోతున్నాను.

చిన్న లెక్క ఒకటి చూద్దాం. మీ ట్యాంకులో వారానికి 4 పీపీఎం నైట్రేట్ చేరుతోంది, మీరు వారానికి 10 శాతం మారుస్తున్నారు. కొన్ని నెలలకు నైట్రేట్ 40 దగ్గర నిలబడుతుంది, ఎందుకంటే 40లో పదోవంతు 4, చేరినంతే పోతోంది. దాన్ని 20కి తేవాలంటే రెండు దారులు. వారానికి 20 శాతం మార్చడం, లేదా చేరేదాన్ని 2కు తగ్గించడం. మొదటి దారిలో 100 లీటర్లకు వారానికి 20 లీటర్లు, అంటే ముప్పావు కిలో ఉప్పు. రెండో దారిలో మేత సగం చేయడం, లేదా రెండు చేపలు తక్కువ పెట్టుకోవడం. ఉప్పు మిగులుతుంది, మేతా మిగులుతుంది.

చేపలు చాలావరకు ఆకలితో ఉన్నట్టే నటిస్తాయి. రెండు నిమిషాల్లో తినేసేంత వేయండి. గడ్డకట్టిన మేతైతే కరిగాక ఆ నీళ్ళు పారబోసి ముక్కలు మాత్రం వేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు వారానికి ఒక రోజు ఉపవాసం వల్ల నష్టమేమీ లేదు.

ఇక నీళ్ళు మార్చేటప్పుడు పైనుంచి తేట నీళ్ళు తోడి పారేయకండి. సన్నటి గొట్టంతో రాళ్ళ సందుల్లో, ఇసుక మీద ఉన్న మడ్డిని పీల్చండి. మారిన నీరు అంతే అయినా బయటికి పోయే మురికి ఎక్కువ. నీళ్ళు మార్చే రోజు కానప్పుడు కూడా గొట్టం చివర దూది పెట్టి, మడ్డిని పట్టి, నీటిని తిరిగి ట్యాంకులోకి పంపొచ్చు. దానికి ఉప్పు ఖర్చే లేదు.

ప్రోటీన్ స్కిమ్మరు లేకుండా కుదరదా?

స్కిమ్మరంటే బుడగలతో నురగ లేపి నీటిలోని మురికిని బయటికి లాగే యంత్రం. 100 లీటర్లకు, కొద్ది చేపలకు అది లేకుండా కుదురుతుంది. దాని బదులు దిండ్లలో నింపే పాలియెస్టర్ దూదిని నీళ్ళు పారే దారిలో పెట్టండి. వాసన కలిపినదీ, మంట అంటకుండా మందు పూసినదీ వద్దు. రెండు మూడు రోజులకోసారి తీసి చూస్తే కనిపిస్తుంది. పైపొర గోధుమరంగులో జిగటగా, మధ్యలో తినని మేత ముక్కలు. దాన్ని అలాగే వదిలేస్తే అవి అక్కడే కుళ్ళి నైట్రేట్ అవుతాయి. తీసి పారేస్తేనే ఉపయోగం. వారాల తరబడి మార్చని దూది లేకపోవడమే నయం.

స్కిమ్మరు కొంటే అదనంగా వచ్చే లాభం ఆక్సిజన్. ఉప్పునీరు మంచినీటి కన్నా దాదాపు ఐదోవంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది. స్కిమ్మరు లేనివాళ్ళు పంపు మూతిని పైకి తిప్పి నీటి ఉపరితలం ఎప్పుడూ అలలాడేలా చూసుకోవాలి.

నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించడానికి చవక మార్గం?

మేత సంగతి అయిపోయింది కాబట్టి, తర్వాతది నాచు. కీటోమార్ఫా అనే తీగలాంటి ఆకుపచ్చ నాచును ట్యాంకు వెనక అరలోనో పక్కన తగిలించిన చిన్న డబ్బాలోనో ఉంచి, మామూలు ఎల్ఈడీ బల్బు పెట్టండి. అది నైట్రేట్, ఫాస్ఫేట్ తిని పెరుగుతుంది. మీరు అప్పుడప్పుడు గుప్పెడు తీసేయాలి, తీయకపోతే బయటికి పోయిందేమీ లేనట్టే. పెద్ద ట్యాంకు లైటు ఆరాక దీన్ని వెలిగిస్తే రాత్రిపూట పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. నాచు తెర మీద పలచగా నీరు పారించి పెంచే పద్ధతిని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అభివృద్ధి చేశాడు. ప్లాస్టిక్ వల, చిన్న పంపు, బల్బు ఉంటే ఇంట్లోనే కట్టుకోవచ్చు.

వినిగర్ పోసే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. అందులోని కార్బన్ తిని బ్యాక్టీరియా పెరుగుతూ నైట్రేట్, ఫాస్ఫేట్ వాడుకుంటుంది. చవకే, పనిచేస్తుంది కూడా. కానీ ఆ బ్యాక్టీరియాను బయటికి లాగడానికి స్కిమ్మరు కావాలి, మోతాదు మించితే నీళ్ళు పాలలా మారి ఆక్సిజన్ పడిపోతుంది. మొదలెడితే 5 శాతం తెల్ల వినిగర్ 100 లీటర్లకు రోజుకు ఒక మిల్లీలీటరు లోపే, పెంచడం వారాల మీద. స్కిమ్మరు లేనివాళ్ళకు నేను దీన్ని సిఫారసు చేయను.

నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు తెస్తే నీళ్ళు ఇంకా శుభ్రం కదా?

కాదు. పగడాలకూ వాటి లోపలి శైవలాలకూ ఆహారం కావాలి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ కొలతకందనంత తగ్గితే మిగతా జీవులు నీరసించి, డైనోఫ్లాజెల్లేట్లు అనే గోధుమరంగు చీమిడి రాళ్ళమీద పరుచుకుంటుంది. దాన్ని వదిలించుకోవడం కష్టం. పగడాలున్న ట్యాంకులో నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే హాయిగా నిద్రపోండి. చేపలు మాత్రమే ఉంటే నైట్రేట్ 40 వరకు ఉన్నా నాకు బెంగ లేదు.

ఆల్కలినిటీ పడిపోతోంది. వంట సోడా వేయొచ్చా?

వేయొచ్చు. సీసాల్లో అమ్మే ఆల్కలినిటీ మందుల్లో చాలావాటిలో ఉండేది సోడియం బైకార్బొనేట్ లేదా సోడియం కార్బొనేటే. ఏ మందూ కలపని స్వచ్ఛమైన వంట సోడా తీసుకోండి. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పిండి, ఆమ్లపు లవణాలు ఉంటాయి, అది వద్దు.

లెక్క ఇది: 100 లీటర్లలో ఆల్కలినిటీ 1 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) పెరగాలంటే 3 గ్రాములు. కొంచెం ఆర్‌ఓ నీటిలో కరిగించి పంపు దగ్గర నెమ్మదిగా పోయండి. రోజుకు 1 డీకేహెచ్ మించి పెంచకండి. 7 నుంచి 9 మధ్య ఏదో ఒక అంకె పట్టుకుని ఉండడం మంచిది. పీహెచ్ కూడా తక్కువగా ఉంటే అదే సోడాను ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు వేయిస్తే సోడియం కార్బొనేట్ అవుతుంది. దాన్ని 1.9 గ్రాములే వాడాలి.

పగడాలు 1 డీకేహెచ్ వాడుకుంటే కాల్షియం దాదాపు 7 పీపీఎం మాత్రమే తగ్గుతుంది. అంటే ఆల్కలినిటీ 8 నుంచి 6కు పడినా కాల్షియం 420 నుంచి 406కు వస్తుందంతే. తరచుగా కొలవాల్సింది ఆల్కలినిటీ అనడానికి కారణం ఇదే. కాల్షియం నెలకోసారి చూసినా చాలు.

సున్నపు తేట సంగతేంటి?

చవకలో చవకైన మార్గం, కాల్షియం ఆల్కలినిటీ రెండూ సరైన పాళ్ళలో ఇస్తుంది. స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కొనాలి, గోడలకు వేసే సున్నం వద్దు. లీటరు ఆర్‌ఓ నీటికి దాదాపు 2 గ్రాములు వేసి, మూతపెట్టి కలిపి, తేరనిచ్చి, పై తేట మాత్రం తీసుకోవాలి. అడుగు కదలకూడదు. ఆవిరైన నీటికి బదులు ఇదే పోస్తారు. 100 లీటర్లకు ఒక లీటరు తేట పడితే దాదాపు 1 డీకేహెచ్ పెరుగుతుంది.

కానీ దాని పీహెచ్ 12 పైనే. గ్లాసుతో ఒక్కసారి కుమ్మరిస్తే చేపలు పోతాయి. రాత్రంతా చుక్కలు చుక్కలుగా పడేలా సన్న గొట్టానికి ముడి వేసి వదలాలి. కళ్ళలో పడకుండా, పిల్లలకు అందకుండా చూసుకోండి.

పీహెచ్ 7.8 దాటడం లేదు. బఫరు (పీహెచ్ పెంచే మందు) కొనాలా?

ముందు ఒక కప్పు ట్యాంకు నీటిని బయట, ఆరుబయట గాలిలో గంటసేపు గాలి బుడగలతో ఉంచి మళ్ళీ కొలవండి. పెరిగిందా? అయితే కారణం గదిలోని కార్బన్ డయాక్సైడు. కిటికీ తెరవండి, మందు అక్కర్లేదు. ఆల్కలినిటీ సరిగ్గా ఉంటే 7.8 దగ్గర కూడా జీవులు బాగానే ఉంటాయి. పీహెచ్ కోసం బఫరు పోస్తూ పోతే ఆల్కలినిటీ హద్దు దాటి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

ఎండాకాలం నీళ్ళు వేడెక్కుతున్నాయి. చిల్లరు (నీళ్ళు చల్లబరిచే యంత్రం) కొనలేను.

చిన్న ఫ్యాను నీటి ఉపరితలం మీదికి తిప్పి పెట్టండి, మూత తీయండి. ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాలిలో తేమ బాగా ఉన్నప్పుడు అంత దిగదు. ఆవిరి పెరుగుతుంది కాబట్టి మంచినీరు రోజూ పోయడం మరచిపోవద్దు. చేపలు బయటికి దూకకుండా వల పరచండి. ఫ్యాను వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా ఉంచితే వైరు వెంట కారిన నీరు ప్లగ్గులోకి పోదు.

కరెంటు గంటల తరబడి పోతే?

ముందు ప్రాణం మీదికి వచ్చేది ఆక్సిజన్. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. అదీ లేకపోతే మగ్గుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి పోస్తూ ఉండండి. మేత వేయకండి. మూసి ఉన్న డబ్బా ఫిల్టరులో నీరు గంటలకొద్దీ నిలిచిపోతే, కరెంటు వచ్చాక అది కుళ్ళిన నీటిని ట్యాంకులోకి కక్కుతుంది. స్విచ్ వేసే ముందు కడిగేయండి.

బ్యాక్టీరియా సీసాలు, నీళ్ళు తేటపరిచే మందులు అవసరమా?

ట్యాంకు మొదలెట్టేటప్పుడు బ్యాక్టీరియా సీసా ఒకటి కొంత తోడ్పడొచ్చు. నడుస్తున్న ట్యాంకులో వారం వారం పోయాల్సిన పని లేదు. నీళ్ళు పసుపు రంగుకు తిరిగితే యాక్టివేటెడ్ కార్బన్ కొంచెం, బాగా కడిగి, గుడ్డ సంచిలో పెట్టండి, నెలకోసారి మార్చండి. రాగి కలిసిన మందులు మాత్రం ప్రధాన ట్యాంకులో ఎప్పుడూ వేయవద్దు. జబ్బు చేపకు విడిగా ప్లాస్టిక్ తొట్టి, స్పాంజి ఫిల్టరు చాలు.

వాడేసిన రాళ్ళు చవకగా దొరికాయి. మరిగించి వాడనా?

మరిగించవద్దు, ఇది ప్రాణాల మీదికి తెచ్చే పొదుపు. వాటి మీద జోయాంతిడ్ జాతి పగడాలు ఉండి ఉంటే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో గాలిలో కలుస్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలున్నాయి. చేతి తొడుగులు వేసుకుని, బ్రష్షుతో కాక నీటిధారతో కడిగి, చీకట్లో ఉప్పునీళ్ళ తొట్టెలో పంపు పెట్టి కొన్ని వారాలు ఉంచండి. ఆ తొట్టెలో ఫాస్ఫేట్ కొలుస్తూ ఉండండి. పాత రాయి తనలో దాచుకున్నది మెల్లగా వదులుతుంది, అది తగ్గేవరకు ఆ నీటినే మార్చుకోండి, ట్యాంకు నీటిని కాదు.

డబ్బు తక్కువే. ఎక్కడ మాత్రం రాజీ పడకూడదు?

శుద్ధమైన నీరు, ఉప్పదనం కొలిచే పరికరం, నమ్మకమైన హీటరు. హీటరు ఆగకుండా వెలుగుతూ ఉండిపోతే ట్యాంకు మొత్తం పోతుంది, కాబట్టి విడిగా ఒక థర్మామీటరు పెట్టి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజూ ఒక చూపు చూడండి. లైటు, స్టాండు, వెనక బొమ్మ ఎంత చవకవైనా చేపలు పట్టించుకోవు.